గిన్నెల్లో తిరిగిన మాత్రలు

రండి, గుమ్మంలో నిలబడొద్దు. ఇలా నా పక్కకి జరిగి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు. ఇందులో కొంత ఆడవాళ్ళం చెవిలో చెప్పుకునేది, కొంత ఒక డాక్టరమ్మ నాకు ఓపిగ్గా విడమరిచి చెప్పింది. నేను అయిదో తరగతితో బడి మానేశాను గానీ, చెవిన పడ్డ మాట నన్ను వదిలిపోదు. ఆవిడ చెప్పింది నాకు వచ్చిన మాటల్లో పెట్టి చెబుతాను. మధ్యలో లేవకుండా వినండి.

మాది పశ్చిమ డెల్టాలో చేపల చెరువుల ఊరు. ఒకప్పుడు అంతా వరిచేలేనట. నేను కాపురానికి వచ్చేసరికే చాలావరకు తవ్వేసి గట్లు పోసేశారు. మా ఇల్లు చెరువు గట్టుకి ఆనుకునే ఉంటుంది. నా భర్త, మా మరిది కలిసి చెరువు చేస్తారు. ఒకే పొయ్యి, ఒకే వంట. మరిది భార్య, అంటే నా తోటికోడలు, జంగారెడ్డిగూడెం అవతల మెట్ట ఊరి పిల్ల. జీడితోటల్లో పెరిగింది. ఈ కథ ఆ అమ్మాయిది.

వచ్చిన కొత్తలో పడవ ఎక్కమంటే గట్టు మీదే కూలబడిపోయింది.

“నేనెక్కనక్కా. నీళ్ళు కదులుతున్నాయి.”

“నీళ్ళు కదలకుండా ఉంటాయేంటే? ఇది మీ జీడితోట కాదు.”

“మా తోటలో కాలు జారితే మోకాలు గీసుకుంటుంది. ఇక్కడ జారితే మీ మరిది ఇంకో పెళ్ళి చేసుకుంటాడు.”

పడవలో గెడ పట్టుకుని నిలబడ్డ మా మరిది అందుకున్నాడు. “సంబంధం వదినే చూడాలి మరి. ఈసారి ఈత వచ్చినదాన్ని చూడు వదినా.”

అలా ఉండేది మా ఇల్లు. ఆరు నెలలు తిరక్కుండానే ఆ అమ్మాయి మా అందరికంటే బాగా గెడ వేయడం నేర్చుకుంది. తవుడు కలపడం కూడా తన పనే అయిపోయింది.

చూడనివాళ్ళకి చెబుతాను, చేపలకి మేత ఎలా పెడతారో. తవుడూ, నూనె తీసిన చెక్కా కలిపి, కింద చిల్లులు పెట్టిన సంచుల్లో పోసి, చెరువులో పాతిన వెదురు గెడలకి కట్టి నీళ్ళలోకి వేలాడదీస్తారు. చేపలు వచ్చి సంచిని మూతితో పొడుస్తూ చిల్లుల్లోంచి తింటాయి. చేపకి జబ్బు చేస్తే మందు కూడా ఆ తవుడులోనే కలపాలి. చేపని పట్టుకుని నోట్లో మాత్ర వేయలేం కదా. జబ్బు చేసేది కొన్నిటికి, మందు తినేది మాత్రం అన్నీ. తినగా మిగిలింది నీళ్ళలో కరుగుతుంది, అడుగున బురదలోకి దిగుతుంది. చేపల మందులు అమ్మే షాపాయన ఎప్పుడొచ్చినా ఒకటే మాట అనేవాడు. “ఎర్రమచ్చలు కనపడ్డాక ఏం చేస్తారండీ? కనపడకముందే వేసేయండి.” ఆయన మాట విని, జబ్బు ఉన్నా లేకపోయినా వేసేవాళ్ళం. ఊరంతా వేసేది. దానికి తోడు కోళ్ళ ఫారాల నుంచి పెంట లారీల మీద తెచ్చి చెరువులో వేసేవాళ్ళు, నీళ్ళు పచ్చబడి చేపలకి మేత పుడుతుందని. కోళ్ళు తిన్న మందు ఏదో ఆ పెంటతో కూడా దిగుతుందన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ లేదు.

మందు పసుపు రంగు పొడి. తోటికోడలు గోలెంలో తవుడు పోసుకుని, పొడి చల్లి, మోచేతుల దాకా పెట్టి కలిపేది. గట్టు కింద చెరువు నీళ్ళలోనే కడుక్కునేది. ఎంత కడిగినా గోళ్ళ మొదట్లో పసుపు పోయేది కాదు.

మా ఎదురింటావిడకి నోరు ఊరుకోదు. “ఏమ్మా, మీ ఇంట్లో రోజూ పేరంటమేనా?” అనేది ఆ చేతులు చూసి.

“చేపలకి పేరంటం పిన్నిగారూ. మీరూ రండి, ఓ దోసెడు తవుడు పెడతాను” అని ఈ పిల్ల.

ఇక్కడ మా వీధి అలవాటు ఒకటి చెప్పాలి. ఒకరింట్లో పులుసో పచ్చడో చేస్తే పక్కింటికి గిన్నెలో వెళ్తుంది. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు. చిటికెడు పంచదారో, నాలుగు వడియాలో, ఏమీ లేనివేళ రెండు కరివేపాకు రెమ్మలో వేసి పంపాలి. నేను కాపురానికి రాకముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఆ గిన్నెల్లోనే మాత్రలు కూడా తిరిగేవి.

మగవాళ్ళకి తెలిసేది కాదు. ఆడవాళ్ళకి వచ్చే బాధలు కొన్ని ఉంటాయి కదండీ. ఒంటికి వెళ్తే మంట, పొత్తికడుపులో పోటు, తెల్లబట్ట. ఊళ్ళో ఉన్న ఆర్‌.ఎం.పి. మంచివాడే గానీ, ఆయన వరండాలో ఎప్పుడు చూసినా నలుగురు మగవాళ్ళు పేపరు పంచుకుని చదువుతూ ఉంటారు. వాళ్ళ మధ్య నిలబడి ఏం చెబుతాం? అందుకని ఎవరికి బాధ వచ్చినా ఎదురింటికో పక్కింటికో చిన్నగా చెప్పేవాళ్ళం. భర్త పన్ను పీకించుకున్నప్పుడు మిగిలిన మాత్రలు ఒకరింట్లో ఉండేవి. పిల్లాడికి చెవిలో చీము పట్టినప్పుడు మిగిలినవి ఇంకొకరింట్లో. అవి గిన్నెలో వేసి, పైన అరిటాకు ముక్క కప్పి పంపేవాళ్ళు. మంట తగ్గగానే మింగడం ఆపేసి, మిగిలినవి దాచి, రేపు ఇంకొకరికి అవసరమైతే వాళ్ళ గిన్నెలో వేసేవాళ్ళం. పూర్తిగా వేసుకున్నది ఎవరూ లేరు. పూర్తిగా వేసుకునేటన్ని ఎవరి దగ్గరా ఉండేవీ కావు. మాలో మాకు అది గొప్ప సాయం. ఇవ్వనిదాన్ని పిసినారి అనుకునేవాళ్ళం.

తోటికోడలికి పెళ్ళయిన చాలాకాలానికి కడుపు పండింది. పుట్టింట్లో పురుడు పోసుకుని, ఆడపిల్లని ఎత్తుకుని వచ్చింది. ఇల్లంతా ఆ పిల్ల చుట్టూ తిరిగేది. మా మరిది చెరువు దగ్గర్నుంచి వచ్చి, బురద కాళ్ళతోనే ఉయ్యాల దగ్గరికి పోతుంటే నేను తరిమేదాన్ని.

పిల్లకి మెడ నిలిచే రోజుల్లో, ఒక పొద్దున్న పొయ్యి దగ్గర కూర్చుని తను మెల్లిగా అంది. “అక్కా, మళ్ళీ మంటగా ఉంది.”

“మళ్ళీ ఏంటి? ఇంతకు ముందు ఎప్పుడొచ్చింది?”

“కడుపుతో ఉన్నప్పుడు ఓసారి. పుట్టింట్లో మా వదిన ఏదో మాత్ర ఇచ్చింది. తగ్గింది.”

“టౌన్లో లేడీ డాక్టరు దగ్గరికి పోదాం పద.”

“ఇప్పుడా? చేపలు పట్టే రోజులు ముందున్నాయి, నేను మంచం ఎక్కితే మీ మరిది తవుడు తనే కలుపుతాడు. సగం తలమీద పోసుకుంటాడు.”

చేపలు పట్టడం అయ్యాక వెళదాం అంది. ఈలోగా ఎదురింటి నుంచి గిన్నె వచ్చింది, తెల్లటి పొడుగు మాత్రలు. రెండు పూటలు వేసుకుంది, మంట తగ్గింది. వారం తిరక్కుండా మళ్ళీ మొదలైంది. ఈసారి పక్కవీధి నుంచి గులాబీ రంగువి వచ్చాయి. అవి అసలు పట్టనే లేదు. తరవాత చలితో జ్వరం వచ్చింది. నాలుగు దుప్పట్లు కప్పినా మంచం ఊగేలా వణికింది. నడుంలో ఒక పక్క చెయ్యి పెట్టనిచ్చేది కాదు.

ఆర్‌.ఎం.పి. ఇంటికి వచ్చి సెలైన్ పెట్టి, ఒక ఇంజెక్షన్ చేశాడు. “ఇది పవర్ ఎక్కువదండి, దీనికి తగ్గకపోవడమంటూ ఉండదు” అన్నాడు. మర్నాడు కాస్త లేచి కూర్చుంది. ఆ పై రోజు మధ్యాహ్నానికి మనిషి మాట తడబడింది. పిల్ల పక్కనే ఏడుస్తుంటే, “ఎవరి పిల్లక్కా, ఇంతసేపు ఏడిపిస్తున్నారు?” అంది నన్ను చూసి.

నా భర్త కారు మాట్లాడాడు. పిల్లని ఎదురింటావిడ ఒళ్ళో పెట్టి, రాజమండ్రి తీసుకెళ్ళాం. గోదావరి బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో కారు ఆగిపోయింది. మా మరిది దిగిపోయి, లారీల మధ్య నడుస్తూ, దారి ఇవ్వండి బాబూ అని ఒక్కొక్క డ్రైవర్నీ బతిమాలుకుంటూ ముందుకు పోయాడు. తోటికోడలి తల నా ఒళ్ళో ఉంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

ఆసుపత్రిలో లోపలికి తీసుకెళ్ళిపోయారు. రక్తం, మూత్రం తీసి, ఏ క్రిమో, ఏ మందుకి లొంగుతుందో చూడ్డానికి కల్చర్‌కి పంపామన్నారు. రిపోర్టు వచ్చేదాకా పెద్ద మందులు నడుపుతామన్నారు. నడిపారు. జ్వరం దిగలేదు.

తనని చూస్తున్న డాక్టరమ్మ సన్నగా, నిద్రలేని కళ్ళతో ఉండేది. రిపోర్టు వచ్చిన రోజు మమ్మల్ని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఫోన్లో ఒక ఫొటో చూపించింది. గుండ్రటి పళ్ళెం. దానిలో మసగ్గా పాలమీగడలాంటి పొర. పొర మీద అక్కడక్కడ చిన్న తెల్ల బిళ్ళలు.

“ఈ పొర ఆవిడ ఒంట్లోంచి తీసిన బాక్టీరియా అండి. ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు ఉంది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ పెరగకుండా ఖాళీ వలయం రావాలి.”

నేను ఫొటో దగ్గరగా పట్టుకుని చూశాను. ఖాళీ ఎక్కడా లేదు. బిళ్ళ అంచుల దాకా, బిళ్ళని ఆనుకుని కూడా పొర పెరిగిపోయి ఉంది. చివరన ఒక్కదాని చుట్టూ మాత్రం సన్నటి ఖాళీ కనిపించింది.

“ఆ ఒక్కటే మిగిలింది. అది కిడ్నీల మీద భారం వేసే మందు. ఆవిడ కిడ్నీలు ఇప్పటికే దెబ్బతిని ఉన్నాయి. అయినా ఇవ్వాలి, వేరే దారి లేదు. బతికే అవకాశం ఉంది, నమ్మకం మాత్రం ఇవ్వలేను” అంది.

తరవాత ఆవిడ అడిగింది, ఇంతకు ముందు తను ఏమేం మందులు వాడిందని. నాకు గుర్తున్నవన్నీ చెప్పాను, ఏ రంగు మాత్ర ఏ ఇంటినుంచి వచ్చిందో, ఎన్ని పూటలు మింగిందో. గిన్నెల సంగతీ చెప్పాను. ఇంట్లో ఏం పని చేసేదని అడిగితే, పసుపు పొడి సంగతి కూడా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“అదేంటి డాక్టరుగారూ, చేపల మందు వేరు, ఆ మాత్రలు వేరు. ఇక్కడ మీరిచ్చినవి ఇంకా వేరు. ఆ అమ్మాయి తన జన్మలో మింగనే మింగని మందులకి కూడా ఈ క్రిమి ఎలా అలవాటు పడింది?” అన్నాను.

“అలవాటు పడడం ఒక్కటే కాదమ్మా. పక్కవాటి దగ్గర్నుంచి తీసుకుంటుంది.”

ఆ తరవాత ఆవిడ చెప్పింది ఇది. క్రిమి ఎలా బతకాలో చెప్పే పొడుగాటి దారం ఒకటి దాని లోపల ఉంటుందట. అది తల్లి నుంచి పిల్లకి వస్తుంది, మనకి పోలికలు వచ్చినట్టు. అది కాక, కొన్నిటి దగ్గర చేతి గాజులా గుండ్రంగా చుట్టుకున్న చిన్న దారం ముక్కలు విడిగా ఉంటాయట. వచ్చిన మందుని కోసి పారేసే ఉపాయం, లోపలికి దిగిన మందుని బయటికి తోడిపోసే ఉపాయం, ఆ గాజుల మీద రాసి ఉంటాయట. ఒక క్రిమి సన్నటి గొట్టంలాంటిది చాపి, పక్కదాన్ని తన దగ్గరికి లాక్కుని, ఆ గాజుకి నకలు తీసి దానికి ఇస్తుందట.

“బిడ్డకి ఇస్తుందన్నమాట.”

“బిడ్డకి ఎలాగూ వెళ్తుంది. అది కాదు నేను చెప్పేది. చుట్టం కానిదానికీ ఇస్తుంది, తన జాతి కానిదానికీ ఇస్తుంది. కోడి పేగులోది చెరువు బురదలోదానికి, బురదలోది మనిషి కడుపులోదానికి.”

“మా గిన్నెల్లాగా” అన్నాను. నా నోట్లోంచి అలా వచ్చేసింది.

ఆవిడ నా వంక చూసి తల ఊపింది. “అలాగే. ఒక్క తేడా ఉంది. మీరు ఇస్తే మీ దగ్గర అయిపోతుంది. వాటికి అయిపోదు. ఇచ్చినదానికీ ఉంటుంది, తీసుకున్నదానికీ ఉంటుంది. ఆ పైన రెండూ పంచుతాయి.”

ఇంకా చెప్పింది. ఒక గాజు మీద ఒకే మందుకి విరుగుడు ఉండదట, నాలుగైదింటికి కలిపి ఉండొచ్చట. చెరువులో పసుపు పొడి వేస్తే, దాన్ని తట్టుకునే గాజు ఉన్నవే మిగులుతాయి, లేనివి చస్తాయి. ఆ గాజు మీదే మనుషుల మందులకి విరుగుడు కూడా ఉంటే, అదీ వాటితోపాటు మిగిలిపోతుంది. ఆ మందు ఎవరూ మింగకపోయినా సరే. మాత్ర రెండు పూటలు మింగి ఆపేసినా, అవసరం లేకుండా మింగినా, కడుపులో జరిగేది అదే. చచ్చిన క్రిమి చిట్లిపోతే, దాని దారం ముక్కల్ని బతికున్నవి కొన్ని ఏరుకుని తమలో కలుపుకుంటాయట. క్రిములకి కూడా వైరస్ పడుతుందట, ఆ వైరస్ ఒకదాని ముక్కని మోసుకెళ్ళి ఇంకోదానిలో వదిలేస్తుందట.

“కడుపులో ఉండేవి చాలావరకు ఏ హానీ చెయ్యనివే” అంది. “వాటిలో ఒకటి ఈ గాజు పెట్టుకుని ఏళ్ళ తరబడి ఊరికే ఉంటుంది. మనకి తెలీదు. జబ్బు చేసేది ఒకటి దాని పక్కకి వచ్చిన రోజున నకలు అందుతుంది.”

అప్పుడు మా మరిది అడిగాడు. “అంటే మా చెరువేనాండీ?”

“అలా నేను అనను. చెరువు కావచ్చు, మాత్రలు కావచ్చు, పురుడు పోసుకున్న చోట పట్టి ఉండొచ్చు. ఇలాంటి వార్డుల్లో కూడా తిరుగుతుంది. ఎక్కడ చేతులు మారిందో చూసినవాళ్ళు లేరు.”

ఆయన లేచి బయట మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నాడు. ఎవరూ చూడలేదన్న మాట ఆయనకి ఊరట కాలేదు. నీదే తప్పు అని ఎవరైనా అని ఉంటే ఏడ్చేవాడేమో.

ఆ చివరి మందు మొదలుపెట్టాక జ్వరం దిగింది. మేం ఊపిరి పీల్చుకున్నాం. మధ్యాహ్నం చూడనిచ్చే వేళకి నీలం గౌను తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని నేను లోపలికి వెళ్ళాను. మొహం ఉబ్బి ఉంది గానీ, నన్ను గుర్తుపట్టింది.

“పిల్లకి పాలు ఏం చేస్తున్నారక్కా?”

“డబ్బా పాలు తాగుతోంది. నీకంటే నయం, మారాం చెయ్యట్లేదు.”

“నా పాలు పిండి పారబోస్తున్నారు. ఇన్ని మందులున్నాయిగా.” తల నా వైపు తిప్పింది. “మీ మరిదికి సంబంధాలు చూస్తున్నావా?”

“నోరు మూసుకోవే.”

“ఈత వచ్చినదాన్ని చూడు. పిల్లని మాత్రం నువ్వే పెంచు. ఆ వచ్చేదానికి ఇవ్వకు.”

నవ్వడానికే అందో, నిజంగానే అందో నాకు ఇప్పటికీ తెలీదు. నేను తన పాదాలు పట్టుకున్నాను. వేళ్ళు నొక్కితే గుంటలు పడి, అలాగే ఉండిపోయాయి. ఒంట్లో నీరు పోవట్లేదన్నమాట.

కిడ్నీలు రెండూ ఆగిపోయాయి. రక్తం కడిగే మిషన్ మీద పెట్టారు. మందు పూర్తి మోతాదు ఇస్తే కిడ్నీలు లేవవు, తగ్గిస్తే క్రిమి లేస్తుంది. ఆ రెంటి మధ్య డాక్టరమ్మ కొలతలు వేసుకుంటూ తిరిగింది. మళ్ళీ జ్వరం వచ్చింది. మళ్ళీ కల్చర్ పంపారు. ఈసారి ఆవిడ ఫొటో చూపించలేదు. నేనే అడిగాను, ఆ సన్నటి వలయం ఏమైందని.

“లేదమ్మా” అంది.

ఆ సాయంత్రం మా మరిదిని ఒక్కడినే లోపలికి పిలిచారు. బయటికి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఆ అమ్మాయి మట్టెలు ఉన్నాయి.

ఊరికి తెచ్చాం. జరగాల్సినవి జరిగాయి. పెద్దకర్మ రోజున వీధి ఆడవాళ్ళందరూ కూర్చున్నప్పుడు, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు నేను చెప్పాను. నాకు తెలిస్తే నలుగురికీ తెలియాలి కదా అనుకున్నాను. ఎదురింటావిడ మొహం పాలిపోయింది.

“అయితే నా చేత్తో ఇచ్చిన మాత్రే దాన్ని చంపిందంటావా?”

“అనను పిన్నిగారూ. ఎవరి చెయ్యీ అని నేను అనను.”

“అనకపోతే ఇంతమందిలో ఎందుకు చెప్పావు?” అని కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

మాత్రలు తిరగడం మా వీధిలో తగ్గింది, ఆ మాట నిజం. పులుసు గిన్నెలూ రావడం మానేశాయి. మా ఇంట్లో ఏదో ఉందని, మా గిన్నె ముట్టుకుంటే అంటుకుంటుందని ఎవరో అన్నారు. నేను కోప్పడలేదు. పూర్తిగా అబద్ధమని కూడా నేను చెప్పలేను.

ఎందుకంటే, తరవాత పిల్లకి విరేచనాలు పట్టుకుంటే రాజమండ్రే తీసుకెళ్ళాను. విరేచనాలు వాటంతట అవే తగ్గాయి గానీ, తల్లి సంగతి తెలుసు కాబట్టి డాక్టరమ్మ పిల్ల దొడ్డికి పరీక్ష చేయించింది. పిల్ల కడుపులో అదే గాజు ఉంది. తల్లిని చంపిన క్రిమిలో కాదు, వేరే జాతిదానిలో, ఏ హానీ చెయ్యని దానిలో.

“ఇప్పుడు బిడ్డకి ఏ జబ్బూ లేదు” అంది డాక్టరమ్మ. “అనవసరంగా యాంటీబయాటిక్ పడకపోతే, మిగతా క్రిములు మెల్లిగా దాన్ని పక్కకి నెట్టేయొచ్చు. నెట్టకపోవచ్చు కూడా. అవసరమైన రోజున మాత్రం భయపడి ఆపొద్దు. ఏది అవసరమో మీరు తేల్చొద్దు, మా దగ్గరికి తీసుకురండి.”

మా మరిది పసుపు పొడి మానేశాడు. మిగిలిన ప్యాకెట్లు షాపాయనకి తిరిగి ఇచ్చేశాడు. ఆయన వాటిని ఇంకో రైతుకి అమ్ముకున్నాడు. చెరువులో నీళ్ళు మాత్రం మావి కావు. పై చెరువులవాళ్ళు డ్రైన్లోకి వదిలింది మేం తోడుకుంటాం, మేం వదిలింది కిందివాళ్ళు తోడుకుంటారు. నేను చేయగలిగింది నా గుమ్మం లోపలే. నీళ్ళు కాచి చల్లార్చడం, పిల్ల గుడ్డలు విడిగా ఉతకడం, దొడ్డి కడిగిన ప్రతిసారీ సబ్బుతో చేతులు తోముకోవడం. నా వేళ్ళ సందులు పగిలిపోయాయి.

పోయిన ఎండాకాలం, కాలవల్లో నీళ్ళు కట్టేసిన రోజుల్లో, పిల్లకి జ్వరం వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఒళ్ళు అంటుకుపోయింది. కళ్ళు తేలేస్తోంది. మా మరిది మోటార్‌సైకిల్ మీద పోయి, మెడికల్ షాపులో ఒక సిరప్ సీసా తెచ్చాడు.

“వేసేయ్ వదినా.”

“ఏంటది?”

“ఏదైతేనేం. జ్వరానికి వేస్తారట. వేసేయ్.”

“డాక్టరుగారు చూడకుండా వెయ్యను.”

“అది పోతే? నువ్విలా కూర్చుని చూస్తుంటే అది కూడా పోతే?” సీసా నా మొహం ముందు పెట్టాడు. “దాని తల్లికి అన్నీ వేశాం, పోయింది. దీనికి ఏమీ వెయ్యకుండా చంపుతావా?”

సీసా మూత తిప్పబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. మరిది చెయ్యి నేను ఎన్నడూ పట్టుకున్నదాన్ని కాదు. ఇద్దరం అలాగే నిలబడిపోయాం, మధ్యలో పిల్ల మూలుగుతోంది. చివరికి ఆయనే వదిలాడు. తడిగుడ్డలో పిల్లని చుట్టుకుని, ఆటోలో టౌనుకి, పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

ఆయన చెవులు చూశాడు, గొంతు చూశాడు, మూత్రం పరీక్ష చేయించాడు. “వైరస్ జ్వరం లాగుందండి. ఈ సీసా దీనికి పనికిరాదు. జ్వరం దించే మందు ఒక్కటి వేయండి, నీళ్ళు పట్టండి. పాలు మానేసినా, మగతగా పడిపోయినా, ఊపిరి ఎగశ్వాస అయినా వెంటనే తీసుకురండి” అన్నాడు.

ఇంటికి వచ్చి కనిపెట్టుకుని కూర్చున్నాం. మందు వెయ్యకుండా కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. చెయ్యి ఊరుకోదు. మా మరిది గుమ్మంలో గోడకి జారబడి, పిల్ల పొట్ట ఎగరడం మీదే కళ్ళు పెట్టుకుని ఉన్నాడు. మూడోనాటి పొద్దున్న జ్వరం దిగి, ఒళ్ళంతా సన్నటి ఎర్ర పొక్కు పేలింది. ప్రమాదం లేదు, అలా పేలితే తగ్గినట్టేనని ఫోన్లో డాక్టరు చెప్పాడు. పిల్ల లేచి పాలు అడిగింది. మా మరిది గిలాసు పట్టిస్తుంటే, తొందరలో పాలు పిల్ల మెడ మీద కారాయి.

గెలిచామని నేను అనుకోలేదు. ఆ జ్వరానికి మందు అక్కర్లేకపోయింది, అంతే. ఏదో ఒక రోజు, పడి కాలు కోసుకుంటుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, పెరిగి పెద్దదై పురుడు పోసుకుంటుంది. ఆ రోజున మందు కావాల్సి వస్తుంది. అది పనిచేస్తుందో లేదో చెప్పేవాళ్ళు లేరు.

ఈమధ్యే మళ్ళీ పరీక్షకి తీసుకెళ్ళాను. పిల్ల, డాక్టరమ్మ బల్ల పట్టుకుని నిలబడి, ఆవిడ కళ్ళజోడు లాగుతోంది. అచ్చం తల్లి నవ్వే. ఆవిడ రిపోర్టు చూసింది.

“ఆ గాజు ఇంకా ఉందాండీ?” అన్నాను.

“ఉందమ్మా” అంది. కళ్ళజోడు మాత్రం పిల్ల చేతిలోంచి వెనక్కి తీసుకోలేదు.

ఇదీ సంగతి. విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో పురుడు పోసుకున్న పిల్ల తన బిడ్డకి తనే పాలిచ్చుకోవాలి. మీ గడపలోకి జ్వరం వస్తే వచ్చిన దారినే పోవాలి. మందు కావాల్సిన రోజంటూ వస్తే, ఆ మందు మీ బిడ్డ ఒంట్లో పనిచేయాలి. ఆ భాగ్యం మీ ఇంటికి ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.